కాలనీ ఖాళీ జాగాలో కూరగాయల తోట: ముందు మే నెల నీళ్ల లెక్క వేయండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ శివారు కాలనీ. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన 300 గజాల జాగా ఏళ్లుగా సర్కారు తుమ్మతో, వయ్యారిభామ (పార్థీనియం) కలుపుతో, చెత్తతో, ఎవరో పోసిపోయిన శిథిలాలతో నిండి ఉంది. 18 ఇళ్లవాళ్లు కలిసి కూరగాయలు వేద్దామనుకున్నారు. ఇప్పుడు జనవరి. జేసీబీ మాట్లాడారు, జూన్‌లో నాటడానికి నారు, మొక్కలు ఆర్డర్ ఇవ్వబోతున్నారు. ముందు ఏం చేయాలి?

ముందు ఆ ఆర్డర్ ఆపండి. జేసీబీని కూడా అనుమతి కాగితం వచ్చేదాకా ఆగమనండి. ఇలాంటి తోటలు జూన్‌లో పచ్చగా మొదలై తర్వాతి మే నెలలో ఎండిపోతాయి. జాగా 300 గజాలుంది కాబట్టి తోట కూడా 300 గజాలే అనుకోవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. మే నెలలో, సగం ఇళ్లు పిల్లల సెలవులకని ఊరెళ్లినప్పుడు, మిగిలినవాళ్లు ఎన్ని మడులకు నీళ్లు పెట్టగలరో అన్ని మడులే మీ తోట. కాబట్టి నీళ్ల లెక్క చూద్దాం.

నాలుగు అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న మడిని ఒక యూనిట్ అనుకోండి. రెండు వైపుల నుంచీ చెయ్యి నడిమికి అందాలి, మట్టిని తొక్కకూడదు, అందుకే నాలుగడుగులు. అది 48 చదరపు అడుగులు, అంటే నాలుగున్నర చదరపు మీటర్లు. మన ఎండాకాలంలో ఎదిగిన కూరగాయ పంటకు రోజుకు కనీసం ఐదారు మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. మడికి కనీసం 25 లీటర్లన్నమాట. చలికాలంలో 15 లీటర్లు సరిపోతాయి. మీ జాగాలో దారులు, కంపోస్టు, ట్యాంకు పోను 20 మడులు పడతాయి. అన్నీ వేస్తే మే నెలలో రోజుకు 500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ పది రోజుల్లో ఖాళీ. ఆరు మడులే ఉంటే రోజుకు 150 లీటర్లు, అదే ట్యాంకర్ నెల దాటి వస్తుంది. మొదటి ఏడాదికి నా సలహా ఆరు మడులు. పద్దెనిమిది ఇళ్లకు ఆరు ఏం సరిపోతాయని సమావేశంలో ఎవరో అడుగుతారు. పద్దెనిమిదిలో చివరిదాకా చెయ్యి వేసేది ఆరేడు ఇళ్లే అని ఆ మాటకు అక్కడే జవాబు చెప్పనవసరం లేదు, నవంబరుకల్లా అదే తెలుస్తుంది.

వాననీటి మీద మరీ ఆశ పెట్టుకోకండి. పక్కింటి డాబా వెయ్యి చదరపు అడుగులుంటే, ఒక సెంటీమీటరు వానకు పోయింది పోగా 700 లీటర్ల పైనే వస్తుంది. కానీ అది తోటకు నీళ్లు అక్కర్లేని ఆగస్టులో వస్తుంది. దాన్ని ఇంకుడుగుంతకు మళ్లించండి. కొత్త బోరు ఆలోచన వద్దు. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, పైగా పార్కు జాగాలో బోరు వేశారంటే రేపు దాని కరెంటు బిల్లు ఎవరిదన్న పంచాయితీ మొదలవుతుంది. ఆనుకుని ఉన్న ఒక ఇంటి బోరు నుంచి సబ్‌మీటరు పెట్టి పైపు తెచ్చుకోవడం మేలు. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లలో ఉప్పు ఎక్కువ, అంతకంత మామూలు నీళ్లు కలిపితే తప్ప వాడొద్దు. వాషింగ్ మెషిన్ నీళ్లు అసలు వద్దు, అందులోని సోడియం ఏడాది తిరిగేసరికి మట్టిని బిగుసుకుపోయేలా చేస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు నిరభ్యంతరంగా పోయండి.

ఇక కాగితం. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీకి దఖలు పడుతుంది. అది కాలనీ సంఘం ఆస్తి కాదు. మంజూరైన లేఅవుట్ ప్లాన్ కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ సంపాదించి, సర్వే నంబరు సరిచూసి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆ జాగా మీద జరిగిన లావాదేవీల చిట్టా) తీయించండి. ఆ జాగాలోంచి ఎవరైనా ప్లాటు చేసి అమ్ముకుని ఉంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత మున్సిపాలిటీకి రాసే దరఖాస్తులో పార్కు అభివృద్ధి, నిర్వహణ అని రాయండి. అందులో కూరగాయల మడులు ఒక భాగం, మిగతాది నడకదారి, నీడ చెట్లు, కూర్చునే చోటు అని కొలతలతో బొమ్మ గీసి జతచేయండి. జాగా మొత్తం ఇళ్లవారీగా పంచుకుని తాళం వేశారంటే అది పార్కు ఆక్రమణ కిందికి వస్తుంది. 2024లో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ జాగాల ఆక్రమణలు తొలగించే సంస్థ) వచ్చాక ఇలాంటి ఫిర్యాదులు చప్పున కదులుతున్నాయి. గేటు పెట్టండి, పొద్దున, సాయంత్రం అందరికీ తెరిచి ఉంచండి. నోటిమాట అనుమతితో పని మొదలుపెట్టొద్దు. న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి ఇరుగుపొరుగు పెంచుకున్న తోటల్ని 1999లో నగర ప్రభుత్వం వందకు పైగా వేలానికి పెట్టింది. చివరి ఘడియలో స్వచ్ఛంద సంస్థలు డబ్బు పెట్టి కొంటేనే అవి మిగిలాయి. భూమి మీద హక్కు లేని తోట అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

మీది పార్కు జాగానే కాబట్టి సరే. ఇది చదివే వేరేవాళ్లది ప్రైవేటు ప్లాటయితే పద్ధతి వేరు. పొరుగువాళ్లు పాతుకుపోతారన్నదే ఓనరు భయం. పన్నెండేళ్లు అడ్డు లేకుండా అనుభవించినవాళ్లకే జాగా దక్కే అడ్వర్స్ పొసెషన్ సంగతి ఓనరుకు వకీలు చెప్పే ఉంటాడు. అందుకని 11 నెలల లైసెన్స్ ఒప్పందం రాసుకోండి. ఇది అనుమతితో చేసే వాడకం మాత్రమే, అద్దె హక్కు లేదు, అడిగిన 60 రోజుల్లో ఖాళీ చేస్తాం అని మీరే ముందుగా రాసిస్తే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. చెత్త పోయకుండా ఎవరో చూసుకుంటున్నారన్నది వాళ్లకూ లాభమే.

అనుమతి వచ్చేలోగా చేయగలిగిన పని, జాగాను చదవడం. గడ్డపార తీసుకుని ఆరేడు చోట్ల అడుగు లోతు గుంతలు తీయండి. ప్రతి గుంతలో ఏం వచ్చిందో బొమ్మ మీద రాసుకోండి: ఎర్రమట్టి, మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, పాలిథిన్ పొర. నల్లటి బూడిద మచ్చలు కనిపిస్తే ప్రత్యేకంగా గుర్తుపెట్టండి. అక్కడ వైర్లు, టైర్లు, బ్యాటరీలు కాల్చి ఉంటారు. ఆ మట్టిలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ తినేవేవీ వేయొద్దు, పూలమొక్కలో బెంచీయో పెట్టండి. ఆకుకూరలు, దుంపలే సీసంతో ఎక్కువ ప్రమాదం. అంటుకున్న దుమ్ము కడిగినా పూర్తిగా పోదు.

ఒక గుంతలో నీళ్లు నిండా పోసి, ఇంకాక మళ్లీ నింపి స్కేలు పెట్టి చూడండి. గంటకు అంగుళమైనా దిగితే ఫరవాలేదు. మర్నాటికీ నిలిచి ఉంటే కింద బండో, జేసీబీ తొక్కి గట్టిపడిన పొరో ఉన్నట్టు. అక్కడ ఎత్తు మడులు తప్పవు. ఎండ కూడా చూడండి. పొద్దున 9కి, 12కి, 3కి నీడ ఎక్కడిదాకా వస్తోందో సుద్దతో గీయండి. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి అపార్టుమెంటు నీడ ఇప్పుడే పొడవు. ఇప్పుడు ఆరు గంటల ఎండ పడే చోట టమాటాకు చాలినంత ఎండ ఉన్నట్టే.

మట్టి పరీక్షకు ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో ఆరంగుళాల గుంత తీసి, గోడ వెంబడి పలచగా చెక్కి, ప్లాస్టిక్ బకెట్లో కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అరకిలోకి తెండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ల్యాబులోనో, దగ్గరి వ్యవసాయశాఖ ల్యాబులోనో ఇవ్వండి. పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం, ఎన్పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) అడగండి. (ఈ ఈసీ మట్టిలోని ఉప్పు కొలత, రిజిస్ట్రేషన్ ఆఫీసుది కాదు.) సీసం పరీక్ష మామూలు సాయిల్ టెస్టులో రాదు, ప్రైవేటు ల్యాబులో విడిగా చేయించాలి. బూడిద మచ్చలుంటే ఆ ఖర్చు పెట్టండి.

ఇంట్లోనే ఒకటి చేయొచ్చు. గుప్పెడు ఎండుమట్టి మీద వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే సున్నం, ఇలాంటి చోట చాలావరకు సిమెంటు ధూళి, కలిసిపోయిందని అర్థం. ఇలాంటి నేలలో పీహెచ్ 8 దాటుతుంది, ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. దీన్ని నత్రజని లోపమనుకుని యూరియా చల్లుతారు, ఇంకా దెబ్బతింటుంది. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందు పసుపవుతాయి, ఇనుమైతే లేతవి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద వారానికోసారి, రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది. జిప్సం పోయమని ఎవరైనా చెబితే వినకండి. అది చౌడు నేలకు మందు. సున్నం ఎక్కువైన నేలలో పీహెచ్‌ను దించలేదు. ఇక్కడ దారి పశువుల ఎరువు, కంపోస్టు ఏటా వేయడమే.

శుభ్రం చేయడం దగ్గరే పెద్ద తప్పు జరుగుతుంది. జేసీబీ డ్రైవరుకు చదును చేయమని చెబితే చెత్తను, శిథిలాలను మట్టి కిందికి తోసి పైన నున్నగా చేసి వెళ్లిపోతాడు. చూడ్డానికి బాగుంటుంది, ఆరంగుళాల కింద ఇటుకలే. చెత్త ఎత్తి పోయడానికి మాత్రమే జేసీబీని వాడండి. మట్టి పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు, ఒకే దారిలో రాను పోను. శిథిలాలను ఇంకో ఖాళీ జాగాలో పోయించకండి. మున్సిపాలిటీ ద్వారా జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఉన్న నిర్మాణ వ్యర్థాల కేంద్రాలకు పంపించొచ్చు. బాగున్న ఇటుకలు, తాండూరు బండ ముక్కలు విడిగా పేర్చుకోండి, మడుల అంచులకు పనికొస్తాయి. మందపాటి చేతి తొడుగులు, బూట్లు లేకుండా ఎవరినీ దిగనివ్వకండి. సిరంజీలు, బ్లేడ్లు తప్పకుండా ఉంటాయి.

సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే వానకు నాలుగు పిలకలతో లేస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, అడుగు లోతులో వేరు మెడ కింద కోసి గడ్డతో సహా తీయాలి. వేప, కానుగ లాంటి పెద్ద చెట్లుంటే ముట్టుకోవద్దు, కొట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. వయ్యారిభామ పూతకు రాకముందే వేళ్లతో పీకండి. పూసినదాన్ని కంపోస్టులో వేయొద్దు. దురద, తుమ్ములు ఉన్నవాళ్లను ఆ పనికి దూరంగా ఉంచండి. తుంగ విషయంలో మాత్రం గుర్తుంచుకోండి, రోటవేటర్ తిప్పితే గడ్డలు విడిపోయి జాగా అంతా పాకుతుంది. దాన్ని గడ్డతో సహా తవ్వి ఎండలో ఆరబెట్టాల్సిందే.

ఏప్రిల్, మే ఎండను వాడుకోండి. మడులు వేయబోయే చోట నేలను నీళ్లతో బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో కప్పి, ఐదారు వారాలు వదిలేయండి. నల్ల షీటు వద్దు, లోపల అంత వేడి రాదు. కలుపు గింజలు, వేళ్లను పట్టే నులిపురుగులు చాలావరకు చస్తాయి. తుంగ మాత్రం చావదు, దాన్ని ముందే చెప్పినట్టు తవ్వాల్సిందే.

జూన్‌లో కూరగాయలు వేయకండి. నిరుత్సాహంగా ఉంటుందని తెలుసు. మృగశిర వానకు వయ్యారిభామ మొలకలు చాపలా లేస్తాయి. రెండాకుల దశలో దంతెతో గీకేసి, ఆ వెంటనే జీలుగ (పచ్చిరొట్ట ఎరువు కోసం పెంచే పంట) చల్లండి. మామూలుగా ఎకరానికి పదిహేను కిలోలు చాలు గానీ మీ మట్టి బలహీనం కాబట్టి 300 గజాలకు ఒకటిన్నర కిలో వేయొచ్చు. గుబురుగా లేచి కలుపును అణిచేస్తుంది, సున్నపు నేలను కూడా తట్టుకుంటుంది. 45 రోజులకు, పూత మొదలయ్యేటప్పుడు కోసి మట్టిలో కలపండి. ఆలస్యమైతే కాండం పీచు తేలి కుళ్లదు. ఆగస్టు, సెప్టెంబరులో మడులు కట్టి, అక్టోబరులో చలికాలం పంటతో మొదలుపెట్టండి. మన దగ్గర కొత్తవాళ్లకు తేలికైన కాలం అదే. చీడ తక్కువ, నీళ్లు తక్కువ. వానాకాలం బెండతో మొదలుపెట్టి పచ్చదోమతో ఓడిపోయి మానేసేవాళ్లే ఎక్కువ.

శిథిలాలున్న చోట ఎత్తు మడులు. తాండూరు బండలను నిలువుగా పాతి తొమ్మిదంగుళాలు పైకి వదిలితే 48 చదరపు అడుగుల మడికి 36 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ఆరు మడులకు 216. ట్రాక్టరు ట్రాలీ దాదాపు వంద అనుకుంటే రెండు లోడ్లు, తొలి వానకు కుంగేది కలుపుకుని ఇంకొంచెం. సగం ఎర్రమట్టి, మూడో వంతుకు కాస్త తక్కువ మాగిన పశువుల ఎరువు, మిగతాది కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) లేదా కుళ్లిన ఊక. ఎర్రమట్టి అని చెరువు పూడిక, లేదా పునాది తవ్విన మొరం తెచ్చి పోస్తారు. ట్రాలీ దించకముందే వెనిగర్ పరీక్ష చేయండి.

పశువుల ఎరువుదీ అదే సంగతి. పచ్చిపేడ కలిసినది వేస్తే వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి, వేళ్లు మాడిపోతాయి. మాగిందో లేదో చెప్పడానికి మెంతులు చాలు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఎరువు తడిపి వేసి, ఇరవై మెంతులు నాటి మూత పెట్టండి. పక్కన మామూలు మట్టితో ఇంకో డబ్బా. మూడు నాలుగు రోజులకు మట్టిలో పద్దెనిమిది మొలిచి, ఎరువులో పది కూడా మొలవకపోతే, లేదా మొలిచినా వేరు కొస గోధుమరంగుకు తిరిగితే అది ఇంకా పచ్చిది. మూత తీస్తే అమ్మోనియా ఘాటు కొట్టినా అంతే. కుప్పపోసి తడిపి కప్పి ఇంకో నెల ఆగండి.

తర్వాతి ఏళ్లకు మీ ఎరువు మీరే చేసుకోవాలి. పద్దెనిమిది ఇళ్ల తడి చెత్త రోజుకు పది కిలోల దాకా వస్తుంది. తడి చెత్త ఒక బకెట్టయితే ఎండాకులు మూడు బకెట్లు. ఈ ఒకటికి మూడు నియమం దగ్గరే అందరూ తప్పుతారు, ఎండాకులు ఫిబ్రవరి, మార్చిలోనే దొరుకుతాయి కాబట్టి. వీధి ఊడ్చేవాళ్లు తగలబెట్టేలోపు అడిగి తెచ్చుకుని సంచుల్లో ఏడాదికి సరిపడా దాచుకోండి. మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న మెష్ రింగు చాలు. అంతకంటే చిన్న కుప్ప వేడెక్కదు. వాసన వస్తే తడి ఎక్కువ, ఎండాకులు వేసి తిరగేయండి. వేడే లేకపోతే ఎండిపోయింది, నీళ్లు చల్లండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. అన్నం, కూర, మాంసం పడ్డాయా, ఎలుకలు, కుక్కలు వస్తాయి, ఎదురింటివాళ్లు మున్సిపాలిటీకి ఫోన్ చేస్తారు. జీవామృతం (పేడ, ఆవు మూత్రంతో చేసే ద్రవ ఎరువు) చేసుకునేవాళ్లు ఎకరానికి 200 లీటర్లన్న లెక్కను ఇక్కడికి తెచ్చుకోండి. 300 గజాలకు పన్నెండున్నర లీటర్లే. డ్రమ్ము నిండా చేసి వారంలో వాడలేక పారబోయడం చూస్తూనే ఉంటాం.

డ్రిప్‌లో ఒక మాట. వెయ్యి లీటర్ల ట్యాంకును ఐదడుగుల స్టాండు మీద పెట్టి, గంటకు రెండు లీటర్లు ఇచ్చే 16 ఎంఎం ఇన్‌లైన్ పైపు కలుపుతారు. ఆ రెండు లీటర్లు పది మీటర్ల ఎత్తు నుంచి వచ్చే ఒత్తిడికి. మీ ఐదడుగులకు ముప్పావు లీటరు దగ్గరే వస్తుంది. మడికి రెండు లైన్లు, అడుగుకో డ్రిప్పర్, మొత్తం 24. గంటకు 18, 19 లీటర్లు. 25 లీటర్లకు గంటా ఇరవై నిమిషాలు తిప్పాలి. షాపులో ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం (ఒత్తిడి మారినా ఒకే ధారగా నీళ్లిచ్చేది) ఇస్తానంటే వద్దనండి, ఈ ఎత్తుకు అది తెరుచుకోదు. 120 మెష్ స్క్రీన్ ఫిల్టర్ తప్పనిసరి, వారానికోసారి కడగాలి. ట్యాంకు మూత బిగుతుగా ఉండాలి. మూత లేని డ్రమ్ములో వారంలో డెంగీ దోమ రెక్కలు కట్టుకుంటుంది.

అక్టోబరుకు ఆరు మడుల్లో రెండు టమాటా, వంకాయ, ఒకటి చిక్కుడు పందిరి, రెండు పాలకూర, మెంతి, కొత్తిమీర, ఒకటి ముల్లంగి చాలు. టమాటా మడికి రెండు వరుసలు, మొక్కకు మొక్కకు అడుగున్నర, అంటే పదహారు మొక్కలు. నర్సరీ నారు 25, 30 రోజులది తీసుకోండి. పూత వచ్చినది కొనొద్దు, అది కుదురుకోదు. ధనియాలను చెప్పుతో రుద్ది రెండుగా చీల్చాకే చల్లండి. వేపపిండి మడికి అరకిలో దుక్కిలోనే కలపండి. మొక్క వాడిపోతుంటే పీకి వేళ్లు చూడండి, బుడిపెలుంటే నులిపురుగు. ఆ మడిలో వచ్చే కారు బంతి వేసి, టమాటా, వంగ, బెండ ఏడాది ఆపండి. మిరపలో ఆకుముడత పైకి తిరిగితే తామరపురుగు, కిందికి తిరిగితే నల్లి. వేపనూనె లీటరుకు 5 మి.లీ., సబ్బునీళ్లతో కలిపి ఆకు అడుగున పడేలా కొట్టాలి.

మనుషుల నియమాలు కొన్ని చాలు గానీ రాసి ఉండాలి. నోటీసు బోర్డు మీద, తెలుగులో. మడి ఎవరి పేరున ఉంటే కోత వాళ్లదే. ఒక మడి మాత్రం ఉమ్మడి, దాని కోత ఆ వారం నీళ్లు పెట్టినవాళ్లది. మూడు వారాలు పట్టించుకోని మడి వరుసలో ఉన్న తర్వాతి ఇంటికి. ఊరెళ్లేవాళ్లు తాళం ఎవరికిచ్చారో పుస్తకంలో రాయాలి. డబ్బు ఒక్కరి ఫోన్‌పేలో ఉండకూడదు. ఏడుగురుంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరవొచ్చు, మున్సిపాలిటీతో ఒప్పందం కూడా సంఘం పేరు మీదే అవుతుంది. రోడ్డువైపు మడిలో సొర, బీర వేయకండి, ఎవరో తెంపుకుపోయారని మొదటి గొడవ అక్కడే. అటువైపు కరివేపాకు, మందార, గోరింటాకు పెట్టి తెంపుకోండని బోర్డు పెట్టేయండి.

మార్చి చివర కోతలయ్యాక ఆరింటిలో మూడు మడుల్నే తోటకూర, బచ్చలి, గోంగూరతో నడపండి. మిగతా మూడింటి మీద నాలుగంగుళాల ఎండాకు పరిచి, తడిపి వదిలేయండి. ఏప్రిల్ 20కల్లా ఊళ్లో ఉండేదెవరో పేర్లు తీసుకుని, ఇద్దరిద్దరి చొప్పున నీళ్ల రోజులు రాసి గేటుకు కట్టండి.